అత్తయ్యగారి కాగితపు మొక్కలు

మా అత్తయ్యగారు తుంటి ఎముక విరిగి మా ఇంటికి వచ్చేనాటికి ఆవిడకీ నాకూ మధ్య మాటలు చాలా తక్కువ. గొడవలంటూ ఏమీ లేవు. కలిసి ఉన్నది తక్కువ, అంతే. మా ఆయన ఉద్యోగం రాజమండ్రిలో. ఆవిడ పెనుగొండ దగ్గర ఒక పల్లెటూళ్లో మిషన్ బడి టీచరుగా పనిచేసి, అక్కడే రిటైరై, అక్కడే చిన్న పెంకుటింట్లో ఒక్కరూ ఉండేవారు. క్రిస్మస్‌కి మేం వెళ్లేవాళ్లం. వేసవి సెలవుల్లో ఆవిడ వచ్చి నాలుగు రోజులుండి వెళ్లేవారు. "బాగున్నావా అమ్మాయ్?" "బాగున్నానండీ." "స్కూలు ఎలా ఉంది?" "ఫరవాలేదండీ." అక్కడితో అయిపోయేది మా సంభాషణ.

తొంభైల చివరి సంవత్సరాలవి. ఒక వానాకాలం ఆవిడ పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డారు. రాజమండ్రి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించి, లోపల రాడ్డు వేయించాం. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "వాకర్ పట్టించి రోజూ నడిపించండమ్మా. నొప్పని మంచం మీదే ఉండిపోతే ఇక అలవాటైపోద్ది" అన్నారు.

మాది గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక సందులో అద్దె వాటా. ముందు గది, మధ్య గది, వంటగది రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉండేవి. మధ్య గది ఆవిడకిచ్చాం. దానికి కిటికీ ఉంది గానీ, తలుపు తీస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వెలగాల్సిందే. గాలి అటు తిరిగినప్పుడు పేపరు మిల్లు వాసన మాత్రం ఆ కిటికీలోంచి ధారాళంగా వచ్చేది.

ఊళ్లో ఆవిడ ఇంటి అరుగు నిండా మొక్కలే. బీటలిచ్చిన కుండల్లోనూ, అడుగు ఊడిన బకెట్లలోనూ, పాత నూనె డబ్బాల్లోనూ క్రోటన్లు, మనీ ప్లాంట్లు పెంచేవారు. పొద్దున్నే వాటి మధ్య కుర్చీ వేసుకుని బైబిలు చదువుకునేవారు. ఇక్కడ మంచం మీద పడుకుని పక్కింటి గోడ చూస్తూ ఉండేవారు. వాకర్ తెచ్చి పక్కన పెడితే, "రేపు నడుస్తాన్లే అమ్మా" అనేవారు. మర్నాడూ అదే మాట.

అది చూడలేక మా ఆయన కడియం నర్సరీల నుంచి ఒక మనీ ప్లాంట్ కుండీ తెచ్చి కిటికీలో పెట్టారు. ఆవిడ ముఖం కాస్త తేటపడింది. కొన్నాళ్లకి ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటీ రాలడం మొదలుపెట్టాయి. దాన్ని తీసేసి క్రోటన్ తెచ్చారు. అది ఇంకా తొందరగా పోయింది. నీడలో బతుకుతుందని ఎవరో చెబితే తెచ్చిన మూడో మొక్క కూడా కాడ కుళ్లి వాలిపోయింది. ఆ రోజు కొడుకుని పిలిచి, "ఇంక తేవద్దు నాన్నా. ఆరుబయట హాయిగా ఉన్నవాటిని తెచ్చి నా కళ్లముందు చంపడమెందుకు?" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మాట్లాడ్డం ఇంకా తగ్గిపోయింది.

కొమ్మ విరిచి గుచ్చితే చిగురేసే నేల మాది. కడియం పక్కనే పెట్టుకుని కాగితంతో మొక్కలు చేసుకోవాలని మా వైపు ఎవరికీ తోచదు. నాకూ తోచేది కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వంట చేసి, వారపత్రిక తిరగేస్తుంటే చేతిపనుల పేజీలో కాగితంతో ఇండోర్ మొక్కలు చేసే పద్ధతి కనపడింది. ముందు బజారుకెళ్లి ప్లాస్టిక్ మొక్క ఒకటి కొందామా అని ఆవిడనే అడిగాను.

"వద్దమ్మా. ప్లాస్టిక్ ఆకులు ఎప్పుడూ ఇప్పుడే స్నానం చేసినట్టుంటాయి. వాటిని చూస్తే నాకు చిరాకు" అన్నారు.

అందుకని ఆ మధ్యాహ్నం ఆకుపచ్చ చార్టు కాగితం, బైండింగు తీగ తెచ్చుకుని ముందు గదిలో కూర్చున్నాను. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆకు బొమ్మ కళ్లు మూసుకుని గీయగలనని నా ధీమా. హృదయాకారంలో ఆకులు కత్తిరించి, మధ్యలో ఈనె గీసి, తీగకి అతికించి, ఖాళీగా ఉన్న కుండీలో గుచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"మనీ ప్లాంటండీ."

"ఓహో. నేను తమలపాకులు అనుకున్నాను" అన్నారు. ఒక ఆకుని వెనక్కి తిప్పి చూసి, "ఏమీ అనుకోకు అమ్మాయ్. అసలు మొక్క ఎదురుగా పెట్టుకునే చేశావా?" అని అడిగారు.

"లేదండీ. గుర్తున్నట్టు చేశాను."

"అదీ సంగతి. నువ్వు ఆకుని చెయ్యలేదు, పుస్తకంలో ఆకు బొమ్మని చేశావు. రేపు ఒక నిజం ఆకు పట్రా."

ఆ గొంతు నేనంతవరకూ వినలేదు. అది మంచం మీద మనిషి గొంతు కాదు, బడిలో టీచరు గొంతు. మర్నాడు మా స్టాఫ్‌రూమ్‌లో సీసాలో పెరుగుతున్న మనీ ప్లాంట్ నుంచి ఒక తీగ అడిగి తెచ్చాను.

ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఆ తీగని ఒళ్లో పెట్టుకున్నారు. సాయంత్రం టీ చల్లారిపోయింది గానీ ఆవిడ దాన్ని వదల్లేదు. "ఇటు రా" అని పిలిచి ఒక ఆకుని మధ్య ఈనె మీదుగా మడిచి చూపించారు. రెండు సగాలూ కలవలేదు. ఒక వైపు వెడల్పు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఇంకో ఆకు మడిచాం. అదీ అంతే. అన్ని ఆకులూ అంతే. నేను ఏటేటా బోర్డు మీద రెండు వైపులూ సమానంగా గీస్తూ వచ్చిన ఆకు ఆ తీగ మీద ఒక్కటీ లేదు.

"ఎందుకంటారు అత్తయ్యగారూ?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా, సైన్సు టీచరువి నువ్వు" అని నవ్వి, "ఎందుకో తర్వాత కనుక్కుందువు గాని, ముందు ఎలా ఉందో చూద్దాం" అన్నారు.

అలా మొదలైంది. కాడ గుండ్రంగా ఉండదు, పైన సన్నటి గాడి ఉంటుంది. ఆకు కాడకి తిన్నగా అతుక్కోదు, మణికట్టు దగ్గర చెయ్యి వంగినట్టు కాస్త వంగి అతుక్కుంటుంది. ఒక ఆకు ఎడమకి వస్తే తర్వాతది కుడికి వస్తుంది. ప్రతి కణుపు దగ్గరా గోధుమరంగులో చిన్న వేరు మొటిమలా పొడుచుకుని ఉంటుంది. ఆకు వెనకవైపు రంగు ముందువైపు రంగు కాదు. ఆవిడ ఒక్కొక్కటీ కనిపెట్టి చెబుతుంటే, నేను స్కూలు నుంచి రాగానే చెప్పులు విప్పి తిన్నగా ఆ గదిలోకే వెళ్లడం అలవాటైంది. "ఇవాళ ఏం కనపడిందండీ?" అని అడిగేదాన్ని. ఏదో ఒకటి కనపడే ఉండేది.

పనిలో ఆవిడకి పాత అనుభవం కొంత ఉంది. క్రిస్మస్‌కి చర్చి అలంకరణ కోసం ముడతల కాగితంతో పూలు చేయించడం వాళ్ల ఊళ్లో ఏళ్ల తరబడి ఆవిడ పని. "సమాధుల పండక్కి చేసే పూలు మంచుకి తడిసిపోకుండా కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచేవాళ్లం. ఆకుల్ని కూడా ముంచి చూద్దాం" అన్నారు. తెల్ల కాగితం రెండు పొరలు తీసుకుని, మధ్యలో సన్న ఇనప తీగ పెట్టి, మైదాజిగురుతో అతికించి, ఆకులా కత్తిరించి, మడతపెట్టిన దుప్పటి మీద ఉంచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఈనెలు నొక్కేవాళ్లం. ఆ తర్వాత రంగు వేసి, చివరికి మైనంలో ఒక్క మునక వేయించేవాళ్లం. మైనం పట్టగానే కాగితం తన పొడితనం పోగొట్టుకుని, వెలుగుని కొంచెం లోపలికి రానిచ్చేది. మొదటిసారి ఆ మార్పు చూసి ఇద్దరం ఒకేసారి "అబ్బ!" అన్నాం.

రంగుతోనే చాలా తిప్పలు పడ్డాం. సీసాలో ఉన్న ఆకుపచ్చ రంగు ఏ ఆకులోనూ లేదు. పసుపూ నీలమూ కలిపాను. అది బాగా మెరుస్తోందని ఆవిడ ఒక చుక్క ఎరుపు వేయమన్నారు. ఆకుపచ్చలో ఎరుపేంటని సందేహిస్తూ వేశాను. మెరుపు తగ్గి ఆకు రంగుకి దగ్గరగా వచ్చింది. ముందు గదిలో పగటి వెలుగులో నిజం ఆకు పక్కన పెడితే ఏది ఏదో తెలియనంతగా కుదిరింది. పరుగున మధ్య గదిలోకి తీసుకెళ్తే, ట్యూబ్‌లైటు కింద నిజం ఆకు ఆకులాగే ఉంది, నాది చచ్చిన చేప రంగులోకి తిరిగింది.

"ఇదేంటండీ? ఇప్పుడే కదా రెండూ ఒకలా ఉన్నాయి!"

ఆవిడ రెండూ మార్చి మార్చి చూసి, "ఈ గదిలో ఉండేదానికి రంగు ఈ గదిలోనే కలపాలి కాబోలు" అన్నారు. అంతే, రంగుల సరంజామా అంతా ఆవిడ మంచం పక్కకి మారింది. దుప్పట్ల మీద పచ్చ మరకలు పడ్డాయి. మా ఆయన ఆఫీసు పని మీద తరచూ క్యాంపులు తిరిగేవారు కాబట్టి ఈ సంతలో ఆయన పెద్దగా లేరు. ఇంటికొచ్చినప్పుడు, "అమ్మకి మంచి కాలక్షేపం దొరికింది" అనేవారు. ఆ కాలక్షేపం అనే మాట మా ఇద్దరికీ నచ్చేది కాదు.

ఇంత చేసినా మొదటి తీగ కుండీలో పెట్టి చూస్తే ఏదో లోటు. ఏ ఆకుకి ఆకు బాగానే ఉంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం బడిలో ప్రార్థనకి వరసలో నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ఏం తక్కువైందో నాకు అర్థం కాలేదు, ఆవిడకీ అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చేద్దామని కొత్త ఆకులు అతికించి, వంటగది గట్టు మీద ఆరబెట్టాను. తెల్లారి లేచి చూస్తే వాటి అంచులన్నీ బొద్దింకలు కొరికేసి ఉన్నాయి. జిగురు ఉడికించేటప్పుడు పురుగు ముట్టకుండా వేసే మైలుతుత్తం మర్చిపోయాను. మైదా రుచికి అవి విందు చేసుకున్నాయి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పళ్లెంతో సహా తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. ఆవిడ అందులోంచి ఒక ఆకు తీసి, ట్యూబ్‌లైటు కేసి పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

"పారెయ్యకు. దీనికి రంగు వెయ్యి" అన్నారు.

"కొరికేశాయి కదండీ."

"అందుకే వెయ్యమంటున్నాను."

రంగు వేసి, కొరికిన అంచుకి కాస్త గోధుమరంగు తాకించి, మైనంలో ముంచి, మిగతా ఆకుల మధ్య కట్టాను. అంతే! చుట్టూ ఉన్న ఆకులన్నీ కాగితంలానే ఉన్నాయి, అదొక్కటీ బతికి ఉంది. పురుగు కొట్టిన ఆకులా ఉంది. ఎండా వానా చూసిన ఆకులా ఉంది.

"చూశావా" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "మా అరుగు మీద మొక్కలన్నీ ఇంతే. ఏ ఆకూ పూర్తిగా బాగుండదు."

ఆ తర్వాత మేం ఆకుల్ని పాడుచేయడం నేర్చుకున్నాం. మొదట్లో ఉండే ముదురాకుని పసుపు చేశాం. ఒకదాని కొన మాడ్చాం. ఒకదానికి చిల్లు పెట్టాం. చివరి చిగురుని చిన్నదిగా, లేత రంగులో, ఇంకా పూర్తిగా విచ్చుకోనట్టు చేశాం. కణుపుల దగ్గర ముడతల కాగితం చుట్టి, పక్క తీగలు అతికించాం. కుండీలో నిజం మట్టి పోసి కిటికీలో పెట్టాం.

మా ఆయన క్యాంపు నుంచి వచ్చి, స్నానం చేసి, తల్లి దగ్గర కూర్చున్నారు. కిటికీ వైపు చూసి, "మళ్లీ తెచ్చారా మొక్క? వద్దన్నావు కదమ్మా. ఇది కూడా చచ్చిపోద్ది" అన్నారు. నేను నోరు తెరవబోయాను. అత్తయ్యగారు దుప్పటి చాటు నుంచి నా చెయ్యి గిల్లారు. "బతుకుతుందిలే నాన్నా. చూద్దాం" అన్నారు చాలా గంభీరంగా. ఆయన లేచి వంటగదిలోకెళ్లి ఒక గ్లాసుతో నీళ్లు తెస్తుంటే ఇక ఆపుకోలేక చెప్పేశాం. ఆయన ఆకుల్ని పట్టుకుని చూసి, గ్లాసు పక్కన పెట్టి, ఆ నీళ్లు తనే తాగేశారు.

అసలు కథ ఆ తర్వాత జరిగింది. మా ఎదురింట్లో ఒకావిడ ఉండేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మంచి మనిషి. ఏ కూర వండినా ఒక గిన్నెతో మాకు తెచ్చేవారు. మొక్కలంటే చాలా ఇష్టం. ఎవరింటికి వెళ్లినా ఒక కొమ్మ లేకుండా తిరిగి రారని సందంతా చెప్పుకునేవాళ్లు. ఒక సాయంత్రం ఆవిడ అత్తయ్యగారిని చూడ్డానికి పనసపొట్టు కూర పట్టుకుని వచ్చారు.

"ఎలా ఉందండీ టీచరుగారూ నొప్పి?" అని కూర్చుంటూనే కిటికీ వైపు చూశారు. "అబ్బో, మనీ ప్లాంటు ఎంత బాగా వచ్చిందండీ! మా ఇంట్లో ఎన్నిసార్లు పెట్టినా పోతంది. ఎక్కడ తెచ్చారు?"

అత్తయ్యగారు నా వైపు చూశారు. "ఇంట్లోనే అయిందండీ" అన్నారు.

"నాకో చిన్న తీగ ఇద్దురూ."

"అది తుంచితే రాదండీ" అన్నారు అత్తయ్యగారు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నేను నవ్వొచ్చి టీ పెడతానని వంటగదిలోకి వచ్చేశాను. టీ తాగి, కాసేపు కబుర్లు చెప్పి పిన్నిగారు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు కొంచెం తొందరగా వెళ్లినట్టనిపించింది. కప్పులు తీస్తూ కిటికీ చూస్తే మొక్కకి ఒక పక్క తీగ లేదు. అతికించిన చోట ముడతల కాగితం కొద్దిగా ఊడి వేలాడుతోంది.

"అత్తయ్యగారూ! ఇక్కడ తీగ ఏదండీ?"

"ఆవిడ కొంగులో ఉంది" అన్నారు ఆవిడ తాపీగా. "నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాననుకుంది. చటుక్కున లాగి కొంగులో దాచేసింది."

"అయ్యో, మరి చెప్పకపోయారా, అది కాగితమని?"

"ఎలా చెప్పనమ్మా? చెబితే దొంగతనం చూశానని చెప్పినట్టే కదా. పాపం చిన్నబోతుంది." కళ్లు మిలమిలలాడుతుంటే అన్నారు: "అదీగాక, ఏమవుతుందో చూడాలనుంది."

మా వైపు ఒక నమ్మకం ఉంది. మనీ ప్లాంట్‌ని అడిగి తెచ్చుకుంటే బతకదు, దొంగిలించి తెచ్చుకుంటేనే గుబురుగా పెరుగుతుందంటారు. కాబట్టి పిన్నిగారు చేసింది ఆవిడ దృష్టిలో దొంగతనం కాదు, మొక్క నాటే పద్ధతి. మర్నాడు పొద్దున్న నేను వాకిలి ఊడుస్తూ తలెత్తితే, ఎదురింటి కిటికీలో గాజుసీసా, అందులో నీళ్లు, నీళ్లలో మా కాగితపు తీగ. లోపలికి పరిగెత్తుకెళ్లి చెప్పాను.

"ఎక్కడా? ఏ కిటికీ?" అన్నారు అత్తయ్యగారు.

"వాళ్ల వీధి కిటికీలోనండీ. మన ముందు వసారాలోంచి బాగా కనపడుతుంది."

ఆవిడ దుప్పటి పక్కకి తోశారు. తర్వాత, "ఆ వాకర్ ఇలా జరుపు" అన్నారు.

నేను మాట్లాడకుండా జరిపాను. ఏమన్నా అంటే మనసు మార్చుకుంటారేమోనని భయం. ఆవిడ పళ్లు బిగపట్టి లేచారు. గడప దగ్గర ఆగారు. ముందు గదిలో టేబుల్ పట్టుకుని ఇంకోసారి ఆగారు. నుదుటి నిండా చెమట. వసారాలో కుర్చీలో కూలబడి, కళ్లజోడు సర్దుకుని ఎదురింటి కిటికీ చూశారు.

"బాగానే ఉందే!" అన్నారు రొప్పుతూ. "ఇంత దూరం నుంచి చూస్తే మనది ఇంకా బాగుంది."

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఆ ప్రయాణం జరగాల్సిందే. డాక్టరుగారు చెప్పినా, కొడుకు బతిమాలినా, నేను నచ్చజెప్పినా దించని కాలుని ఆ సీసా దించింది. నీళ్లు ముందు లేత పచ్చగా మారాయి. తర్వాత చిక్కబడ్డాయి. పిన్నిగారు నీళ్లు మార్చారు. మళ్లీ పచ్చబడ్డాయి. "ఇవాళ సీసా ఎండలోకి జరిపింది" అనీ, "ఇవాళ వేలితో తట్టి చూసిందమ్మా" అనీ నేను స్కూలు నుంచి రాగానే చెప్పేవారు. నాకు లోపల బెంగగానే ఉండేది. తెలిసిన రోజున మనస్పర్ధలొస్తాయేమో, కూర గిన్నెలు ఆగిపోతాయేమోనని.

ఆ రోజు రానే వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్నిగారు ఆ సీసా పట్టుకుని తిన్నగా వసారాలోకి వచ్చారు. అత్తయ్యగారు కుర్చీలోనే ఉన్నారు. సీసాలో నీళ్లు పాచిపట్టిన కాలవలా ఉన్నాయి. కాడకి చుట్టిన కాగితం విడిపోయి, తుప్పు పట్టిన తీగ బయటపడింది. ఆకులు మాత్రం మైనం పుణ్యమా అని అలాగే పచ్చగా ఉన్నాయి.

"ఏంటండీ టీచరుగారూ ఇది?" అన్నారు.

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. అత్తయ్యగారు సీసా చూశారు, ఆవిడ ముఖం చూశారు.

"వేరొచ్చిందాండీ?" అని అడిగారు.

పిన్నిగారు సీసా మెట్టు మీద పెట్టారు. తర్వాత ఆవిడ పెదాలు వణికాయి. ఏడుస్తారనుకున్నాను. ఒక్కసారిగా పకపకా నవ్వుతూ మెట్టు మీద కూర్చుండిపోయారు. "ఇనప వేరొచ్చిందండీ! కాడ గట్టిగా ఉంటే ముదురు తీగ, తొందరగా నాటుకుంటాదనుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పానండీ, టీచరుగారింట్లోంచి తెచ్చాను, ఈసారి కచ్చితంగా బతుకుద్దని!"

అత్తయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ అంతలా నవ్వడం నేను చూడలేదు. నిజానికి పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు. "నవ్వించకండీ బాబూ, తుంటి నొప్పి" అంటూనే నవ్వారు. కాస్త తేరుకున్నాక పిన్నిగారి చెయ్యి పట్టుకుని, "నేను చూశానమ్మా ఆ రోజు. చెప్పాల్సింది. ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నారు.

"అడిగినప్పుడు ఇచ్చేసుంటే పోయేది కదండీ" అన్నారు పిన్నిగారు కళ్లు తుడుచుకుంటూ. "సరేలెండి. నాకు నేర్పండి ఇది. మా వంటగదిలోనూ ఏ మొక్కా బతకదు."

మర్నాటి నుంచి ఆవిడా మా పనిలో చేరారు. ఆవిడ చెయ్యి కత్తెర మీద నాకన్నా నయం. ఇద్దరూ పగలంతా ఆకుల గురించి వాదించుకునేవారు. మనీ ప్లాంట్ అయిపోయింది, ఇక క్రోటన్ చేద్దామన్నారు. స్కూలు తోటలోంచి నేను కోసుకొచ్చిన క్రోటన్ ఆకుని అత్తయ్యగారు ఎంతసేపు చూసినా తృప్తి పడలేదు.

"ఒక్క ఆకు చూస్తే లాభం లేదమ్మా. ఇది కొమ్మకి ఎలా వేలాడుతుందో చూడాలి. కింద ఆకులు ఎంత, పైన ఆకులు ఎంత, మొక్క మొత్తం చూడాలి. నన్ను కడియం తీసుకెళ్తావా?"

ఆటో మాట్లాడుకుని ముగ్గురం వెళ్లాం. కాలవ గట్టు వెంట రోడ్డంతా గతుకులు. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ నా భుజం పట్టుకునేవారు గానీ వెనక్కి వెళదామని అనలేదు. నర్సరీలో మడుల మధ్య సన్న దారుల్లో వాకర్ పట్టడం కష్టమైంది. నేనొక పక్క, పిన్నిగారొక పక్క పట్టుకుని నడిపించాం. కనుచూపు మేరా క్రోటన్లే. ఎరుపు, పసుపు, ఊదా, చుక్కలవి, చారలవి, మెలితిరిగినవి. ఆవిడ ఒక మొక్క దగ్గర వంగి ఆకుని వెనక్కి తిప్పి చూస్తుంటే నర్సరీ అతను వచ్చాడు.

"ఏం మొక్క కావాలండి మామ్మగారూ?"

"ఏమీ వద్దు బాబూ. చూసి పోదామని వచ్చాం."

"చూడండి, చూడండి. ఎనకమాల ఏం చూత్తన్నారండీ? పురుగేం లేదండి, మందు కొట్టించాం."

"పురుగు కోసమే చూస్తున్నాను. ఎక్కడ కొడుతుందో తెలియాలి నాకు" అన్నారు ఆవిడ. అతను బుర్ర గోక్కుని పిన్నిగారి వైపు చూశాడు. మేమిద్దరం నవ్వాపుకోలేక ఇంకో మడి వైపు తిరిగాం. ఆ మధ్యాహ్నం ఆవిడ ఎండలో అంతసేపు నిలబడతారని నేను అనుకోలేదు. ఒక ఆకు మొదట పచ్చగా పుట్టి ముదిరాక ఎరుపెక్కుతుందని ఒకే మొక్క మీద మెట్టు మెట్టుగా చూపించారు. మేం నమూనాకి చేసి చూసిన క్రోటన్ ఆకులన్నిటికీ రంగు తలకిందులుగా వేశామని అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆవిడ చేతికర్రతో చర్చికి నడిచి వచ్చారు. సంక్రాంతి వెళ్లి ఎండలు తిరిగాక ఇక మా ఊరు పంపించేయండి అన్నారు. మా ఆయన ఇంకొన్నాళ్లు ఉండమని ఎంత చెప్పినా వినలేదు. నాకు బాధగా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం ఆశ్చర్యం కూడా వేసింది. సామాన్లు సర్దుతూ, "మొక్కలు కూడా పెట్టెలో పెట్టనా అండీ?" అని అడిగాను.

"అక్కడ అవెందుకమ్మా? అరుగు మీద పక్కింటివాళ్లు నీళ్లు పోస్తున్న నిజంవి ఉన్నాయి కదా. ఇవి ఈ గది కోసం చేసినవి, ఈ గదిలోనే ఉండనీ" అన్నారు.

తర్వాత ఎన్నో ఏళ్లు అవి మాతోనే ఉన్నాయి. చుట్టాలు వచ్చి గదిలో మొక్కలు భలే పెరిగాయే అనేవారు. పిన్నిగారు మాత్రం ఎవరు వచ్చినా తన వంటగదిలో కాగితపు మొక్కలు చూపించి, తన దొంగతనం కథ తనే చెప్పుకునేవారు.

మేం ఊరెళ్లడం ఎక్కువైంది. పండగలే కాదు, ఊరికే ఆదివారాలు కూడా వెళ్లేవాళ్లం. ఒకసారి నేనొక్కదాన్నీ వెళ్తే, ఆవిడ కాళ్లు కడుక్కోనివ్వకుండానే పెరట్లోకి లాక్కెళ్లారు. అక్కడ అరటి పిలక ఒకటి కొత్త మొవ్వు వేస్తోంది. చుట్టచుట్టుకుని, లేత పచ్చగా, బల్లెంలా నిలబడి ఉంది.

"ఇంత వెడల్పాకు అంత సన్నగా లోపల ఎలా చుట్టుకుని ఉంటుందో చెప్పు. రెండు సగాలూ విడివిడిగా చుట్టుకుంటాయా, ఒకదాన్నొకటి చుట్టుకుంటాయా?"

"తెలియదండీ" అన్నాను. "విప్పి చూద్దామా?"

"వద్దు వద్దు. పాడైపోతుంది. అదే విచ్చుకుంటుంది. రెండు రోజులుంటావా?"

"రేపు స్కూలుందండీ."

"సెలవు పెట్టరాదూ" అన్నారు ఆవిడ.

ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి హెడ్‌మాస్టరుగారికి ఫోన్ చేసి సెలవు చెప్పాను. కారణం అడిగితే మా అత్తయ్యగారితో పనుందన్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అరటి పిలక ఎదురుగా రెండు కుర్చీలు వేయించి ఉంచారు.